ఊరి ఈత కొలను: డబ్బెక్కడిది, నీళ్లెక్కడివి, నడిపేదెవరు?

ఎండలు ముదిరితే పిల్లలు పెన్నలోకి, కాలువల్లోకి, మైపాడు, కొత్తపట్నం తీరాలకు పరుగెడతారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. ఊరికో ఈత కొలను కావాలని అడగడం ఎలా, కట్టించడం ఎలా అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు సివిల్ పనులు, నీటి శుద్ధి, మున్సిపల్ పద్దులు తెలిసినవాళ్లు ఇచ్చిన జవాబులివి. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప లెక్కలన్నీ ఒకే కొలనుకు వేశాం: 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, ఒక కొసన 0.9, మరో కొసన 1.8 మీటర్ల లోతు, పైకప్పు లేదు, రోజుకు 200 మంది వస్తారు.

కడితే 50 మీటర్ల ఒలింపిక్ కొలనే కట్టాలని మా వార్డులో కొందరు పట్టుబడుతున్నారు. 25 మీటర్లది చాలదా?
– కాలనీ సంఘం కార్యదర్శి, వేదాయపాళెం, నెల్లూరు

చాలు. అంతేకాదు, నేర్చుకునేవాళ్లకు అదే మేలు. ఒలింపిక్ కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, లోతు కనీసం 2 మీటర్లు అనుకుందాం. అంటే 25 లక్షల లీటర్ల నీళ్లు. మనం లెక్కకు తీసుకున్న కొలనులో సగటు లోతు 1.35 మీటర్లు కాబట్టి పట్టేది 5 లక్షల లీటర్ల పైచిలుకు. నీళ్లు అయిదింతలైతే పంపులు, ఫిల్టర్లు, కరెంటు, క్లోరిన్ అన్నీ దాదాపు అయిదింతలవుతాయి. పైగా 2 మీటర్ల లోతులో ఎనిమిదేళ్ల పిల్లాడికి కాలు ఆనదు. ఈత నేర్పాల్సింది కాలు ఆనే నీళ్లలో. మన ఊళ్లలో వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది నేర్చుకోవడానికే వస్తారని అనుకుని కొలత ఖాయం చేసుకోవాలి.

15 మీటర్ల వెడల్పులో 2.5 మీటర్ల వరసలు ఆరు వస్తాయి. జిల్లా పోటీలకు, రోజువారీ శిక్షణకు అది సరిపోతుంది. అయితే పొడవు దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కాంక్రీటు గోడల మధ్య 25 మీటర్లు కొలిచి పోస్తారు. తర్వాత రెండు వైపులా పూత, టైల్స్ చేరి అది 24.92కి దిగుతుంది. పోటీలకు ఆ కొలను పనికిరాదు. టైల్స్ అతికాక మిగిలే పొడవు 25.02 మీటర్లు ఉండాలి. ఆ 2 సెంటీమీటర్లు రెండు కొసల్లోనూ తగిలించే టచ్ ప్యాడ్ల (పోటీల్లో చేయి తాకగానే సమయం నమోదు చేసే పలకల) మందం కోసం. పూత, టైల్స్ కలిసి ఒక్కో వైపు 4 సెంటీమీటర్లు తీసుకుంటాయనుకుంటే కాంక్రీటు గోడల మధ్య 25.10 ఉండాలి. ఈ మాట డ్రాయింగులో అంకెతో సహా రాసి ఉందేమో చూడండి.

దూకే దిమ్మలు లోతు కొసనే పెట్టాలి. గోడ నుంచి 1 మీటరు మొదలు 6 మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు లేనిచోట అవి వద్దు. తల నేలకు తగిలి మెడ ఎముక విరిగే ప్రమాదం నిజంగా ఉంది. పసిపిల్లలకు అర మీటరు లోతు తొట్టి వేరే కట్టండి, దానికి ఫిల్టరు కూడా వేరే ఉండాలి. పసివాళ్లు నీళ్లలోనే మలమూత్రాలు పోస్తారు. ఆ నీళ్లు పెద్ద కొలనులో కలిస్తే ఒక్కరి జబ్బు అందరికీ అంటుతుంది.

డబ్బు ఎవరిస్తారు? కార్పొరేషన్‌ను అడిగితే నిధుల్లేవంటున్నారు.
– రిటైర్డు ఉపాధ్యాయుడు, లాయర్‌పేట, ఒంగోలు

ఒక్క చోట నుంచి రాదు, రెండు మూడు చోట్ల నుంచి కూడగట్టాలి. ఏ నిధి దేనికి పనికొస్తుందో ముందే తెలుసుకుంటే అర్జీ వెనక్కి రాదు.

ఆర్థిక సంఘం గ్రాంట్ల మీద అందరికీ ఆశ ఎక్కువ. 15వ ఆర్థిక సంఘం 2021–26కు మన స్థాయి నగరాలకు ఇచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే ముడిపెట్టారు. అలా ముడిపెట్టిన భాగంతో కొలను కట్టడానికి వీల్లేదు. ముడిలేని భాగం మీద కౌన్సిల్‌కు కొంత స్వేచ్ఛ ఉంటుంది గానీ దానికి రోడ్లు, డ్రైన్లు పోటీ పడతాయి.

ఎంపీ నిధులు ఒక్కో సభ్యుడికి ఏటా 5 కోట్లు. ప్రజల ఆస్తిగా ఉండే క్రీడా కట్టడాలకు వాటిని సిఫారసు చేయొచ్చు. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యుడు తాను ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా సిఫారసు చేయవచ్చు. మంజూరు జిల్లా యంత్రాంగం ద్వారా నడుస్తుంది. నిర్వహణ ఖర్చుకు ఆ డబ్బు వాడకూడదు. కట్టాక నడిపే బాధ్యత తమదని కార్పొరేషన్ రాసివ్వాలి. కేంద్రం ఖేలో ఇండియా పథకంలో క్రీడా సదుపాయాల భాగం ఉంది, ఈత కొలనులు అందులోకి వస్తాయి. ఆ ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారానే వెళ్లాలి కాబట్టి ముందు జిల్లా క్రీడా ప్రాధికార సంస్థను, శాప్‌ను (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థను) కలవండి.

కృష్ణపట్నం చుట్టూ ఉన్న కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి చాలామంది అడుగుతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి మొగ్గు చూపాలి. చట్టంలోని ఏడో షెడ్యూలులో ఉన్నది గ్రామీణ, జాతీయ గుర్తింపు ఉన్న, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలకు ‘శిక్షణ’ అన్న మాట. కాబట్టి మీ అర్జీలో భవనం గురించే రాయకుండా ఏటా ఎంతమంది పిల్లలకు ఈత నేర్పుతారో, కోచ్ ఎవరో, ఎన్ని వారాల తరగతో రాయండి. ఆ డబ్బుతో తయారైన ఆస్తి కంపెనీ పేరిట ఉండకూడదు. కార్పొరేషన్ ప్రభుత్వ సంస్థ గనక దాని పేరిట ఉండొచ్చు.

ఇక వరస: కౌన్సిల్ తీర్మానం, సమగ్ర నివేదిక, పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు. అంచనాలో 18 శాతం జీఎస్టీ, నాణ్యత పరీక్షలు, ట్రాన్స్‌ఫార్మరు, నీటి కనెక్షను, కాంపౌండు గోడ చేర్చారో లేదో చూడాలి. ఇవి వదిలేసి అంచనా తగ్గించి మంజూరు తెచ్చుకుంటే, తొట్టి పూర్తయ్యాక ఫిల్టర్లకు డబ్బు మిగలదు. సగంలో ఆగిన కొలనులకు మాకు కనిపించే మొదటి కారణం ఇదే. అందుకే తొట్టికి, యంత్రాలకు వేర్వేరు టెండర్లు వద్దు. ఒకే టెండరు పెట్టి, మూడేళ్ల నిర్వహణ కూడా అదే కాంట్రాక్టరు మీద వేయండి. లీకైన తొట్టికి పైపులవాణ్ని, పనిచేయని పైపుకు తొట్టివాణ్ని చూపించే తగాదా ఉండదు.

పార్కు స్థలంలో గానీ పూడిపోయిన చెరువులో గానీ కట్టొచ్చా?
– కావలి

చెరువు పోరంబోకు జోలికి పోవద్దు. చెరువులు, కుంటలు కాపాడాలని, వేరే వాడకాలకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే స్పష్టంగా చెప్పింది. పార్కు స్థలాలు మార్చడం మీద కూడా 1991లో గట్టి తీర్పు ఉంది. పార్కులో కట్టాలంటే మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం వాడకం ఏమని ఉందో పట్టణ ప్రణాళిక విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. స్టేడియం ఆవరణో, మున్సిపల్ హైస్కూలు మైదానం అంచో దొరికితే అన్నిటికన్నా మేలు. తొట్టి, చుట్టూ 3 మీటర్ల నడవ, బట్టలు మార్చుకునే గదులు, ఫిల్టర్ గది, పార్కింగు కలిపి సుమారు 1,500 చదరపు మీటర్లు, అంటే 37 సెంట్లు కావాలి. నెల్లూరు, కోవూరు వైపు అయితే 2015, 2021 నవంబర్లలో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఇరుగుపొరుగును అడిగి గోడ మీద గుర్తు పెట్టించండి. ఫిల్టర్ గది నేల, కరెంటు ప్యానెల్ ఆ గుర్తుకు పైనే ఉండాలి.

ఖాళీ చేసిన కొలను నేల ఉబ్బి పగిలిపోయిందని విన్నాను. కాంక్రీటు తొట్టి ఎలా పైకి లేస్తుంది? లీకు లేకుండా కట్టడానికి సైటులో ఏమేం చూడాలి?
– సైట్ సూపర్‌వైజర్, నెల్లూరు రూరల్

చుట్టూ భూమిలో ఊట పైకొచ్చినప్పుడు ఖాళీ తొట్టి పడవలా తేలుతుంది. లెక్క చూడండి. 25 సెంటీమీటర్ల నేల పలక బరువు చదరపు మీటరుకు 0.625 టన్ను. చుట్టు గోడల బరువు 85 టన్నులు, దాన్ని 375 చదరపు మీటర్లకు పంచితే 0.23 వస్తుంది. మొత్తం సుమారు 0.85 టన్ను. ఊట నీరు పలక అడుగుకు పైన ప్రతి మీటరు ఎత్తుకు చదరపు మీటరుకు 1 టన్ను చొప్పున పైకి నెడుతుంది. అంటే ఈ తొట్టి ఓర్చుకునేది సగటున 85 సెంటీమీటర్ల ఊటనే. పలక అడుగు సగటున 1.60 మీటర్ల లోతులో ఉంది. ఊట నేలకు అర మీటరు దగ్గరికొస్తే నెట్టే ఎత్తు 1.10 మీటర్లు. తొట్టి నిండుగా ఉంటే ఏమీ కాదు. శుభ్రం చేద్దామని ఆ వారంలోనే ఖాళీ చేశారా, నేల ఉబ్బుతుంది, పైపుల అతుకులు తెగుతాయి.

మన దగ్గర వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. మట్టి పరీక్ష మాత్రం టెండరు హడావిడిలో మే నెలలో చేయిస్తారు. అప్పుడు ఊట ఎక్కడో లోతులో ఉంటుంది, నివేదికలో ‘ఊట సమస్య లేదు’ అని వస్తుంది. స్థలంలో ఒక పరిశీలన గొట్టం దింపి డిసెంబరులో నీటిమట్టం కొలిచాకే డిజైను ఖాయం చేయాలి. తప్పనిసరిగా ఎండాకాలంలోనే చేయాల్సి వస్తే చుట్టుపక్కల పాత బావుల్లో వానాకాలపు నీటి గుర్తు చూసి ఆ మట్టం తీసుకోవాలి.

విరుగుడు నాలుగు రకాలుగా ఉంటుంది, కలిపి వాడితేనే మంచిది. తొట్టిని నేలకు 60–90 సెంటీమీటర్లు ఎత్తి కట్టొచ్చు, వరదకూ అదే రక్ష. నేల పలకను గోడ బయటికి అర మీటరు పొడిగిస్తే పైన పడే మట్టి బరువు తోడవుతుంది. పలక కింద కంకర పొర, అందులో చిల్లుల పైపు, దాని కొసన ఒక సంపు పెడితే ఊటను పంపుతో దించుకోవచ్చు. లోతు భాగంలో ఒత్తిడి వదిలే వాల్వు కూడా పెడతారు. కానీ అది ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతుంది గనక దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఖాళీ చేసే ముందు సంపులో నీటిమట్టం చూడడం అనేది ఆపరేటరుకు రాతపూర్వక నియమంగా ఉండాలి.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఇంకో చిక్కు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గోడ వెనక నల్లమట్టితోనే నింపితే ఉబ్బి గోడను లోపలికి తోస్తుంది. తవ్విన నల్లమట్టిని బయటికి తోలి, గ్రావెలు వేసి 20–25 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస చేయాలి.

ఇప్పుడు కాంక్రీటు. నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ఉంది. కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటుకు తగ్గకుండా, సిమెంటులో నీటి పాలు 0.45 మించకుండా పోయాలి. ఇనుముకు నీటి వైపు 45 మిల్లీమీటర్ల కవరు వదలాలి. నేల పలకకు 94, గోడలకు 34 ఘనపు మీటర్లు పడతాయి. ట్రాన్సిట్ మిక్సర్ (కాంక్రీటు కలుపుతూ తెచ్చే లారీ) వచ్చాక జారుడు కోసం పైపుతో నీళ్లు కొట్టించడం సైటులో రోజూ కనిపించే తప్పు, దాన్ని అక్కడికక్కడే ఆపాలి. జారుడు కావాలంటే ప్లాంటులోనే రసాయనం కలిపి తేవాలి. 94 ఘనపు మీటర్లకు ఐఎస్ 456 ప్రకారం 5 నమూనాలు, ఒక్కో దానికి 3 చొప్పున 15 క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు) తీయాలి. బూడిద కలిసిన సిమెంటు వాడితే, అదీ ఎండాకాలంలో, 14 రోజులు గోనెపట్టాలు తడుపుతూనే ఉండాలి.

లీకులు నిండు గోడలో తక్కువ, అతుకుల్లో ఎక్కువ. నేలకూ గోడకూ మధ్య అతుకులో వాటర్ స్టాపరు (నీళ్లు దాటకుండా ఆపే పట్టీ) నిలువుగా, మడత పడకుండా నిలబడాలి. దానికి మేకు కొట్టి కట్టేవాళ్లున్నారు, ఆ చిల్లులోంచే నీళ్లు పోతాయి. గోడలోంచి దూరే ప్రతి పైపుకూ పడిల్ ఫ్లాంజ్ (కాంక్రీటులో ఇమిడి నీరాపే, పైపు చుట్టూ ఉండే బిళ్ల) ఉండాలి. ఉత్త పీవీసీ పైపు పెట్టి చుట్టూ కాంక్రీటు పోస్తే ఆ రెండూ అతుక్కోవు. సెంట్రింగు బిగించడానికి వాడే కడ్డీల చిల్లులు తర్వాత సిమెంటుతో మూస్తే కారతాయి, మధ్యలో నీరాపే బిళ్ల ఉన్న కడ్డీలే వాడాలి.

నీటి పరీక్ష టైల్స్ అతికించక ముందు, గోడ వెనక మట్టి నింపక ముందు జరగాలి. రోజుకు ముప్పాతిక మీటరు మించకుండా నింపి, 7 రోజులు నాననిచ్చి, ఆ తర్వాత 7 రోజులు ప్రతి 24 గంటలకూ మట్టం కొలవాలి. పక్కనే ఒక డ్రమ్ములో నీళ్లు పెట్టి అందులో తగ్గినంత ఆవిరి కింద తీసేస్తే మిగిలేది లీకు. టైల్స్ బిల్లు పెద్దది కాబట్టి కాంట్రాక్టరు అది ముందు చేయాలని చూస్తాడు. నీటి పరీక్ష రికార్డు లేకుండా టైల్స్ బిల్లు చెల్లించరాదని ఒప్పందంలో రాయడమే దానికి మందు.

సాగర్ కుడి కాలువ నీళ్లొచ్చి ట్యాంకులు నిండితేనే మాకు తాగునీరు. ఆ నీళ్లు ఈత కొలనుకు పోయడం తప్పు కాదా?
– గృహిణి, భాగ్యనగర్, ఒంగోలు

తప్పో కాదో కొలను ఎలా నడుపుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫిల్టరు లేకుండా నీళ్లు పాడయ్యాక వదిలేసి మళ్లీ నింపే కొలనైతే వారానికి 5 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు వంద. ఒంగోలులో అది క్షమించరానిది. మంచి ఫిల్టర్లున్న కొలనును ఏళ్ల తరబడి ఖాళీ చేయనక్కర్లేదు. దానికి రోజూ కావాల్సింది వచ్చే ఒక్కొక్కరికి 30 లీటర్ల కొత్త నీరు (కరిగిన ఉప్పులు, చెమట మలినాలు పలచబడడానికి), అంటే 6 వేల లీటర్లు. వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే ఇంకో 2,600. మొత్తం 8,600 లీటర్లు. పట్టణ తలసరి ప్రమాణం 135 లీటర్లతో పోలిస్తే సుమారు 64 మంది వాడకం. 200 మందికి ఈత నేర్పే చోటుకు ఇది మోయగల భారమేనని మా అభిప్రాయం. ఫిల్టర్ల బ్యాక్‌వాష్ నీళ్లు (వాటిని ఎదురు నీళ్లతో కడిగినవి) వారానికి 15 వేల లీటర్లు పోతాయి, అవి ఆ 6 వేలల్లో భాగమే. వాటిని వేరే తొట్టిలో తేర్చి, రెండు రోజులు ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది, చెట్లకు పెట్టొచ్చు. మొదటిసారి నింపడం మాత్రం నవంబరు, డిసెంబరుల్లో పెట్టుకోవాలి, ఏప్రిల్‌లో ప్రారంభోత్సవం కోసం కాదు.

బోరు నీళ్లు వాడతామంటే ముందు పరీక్ష చేయించండి. తీరం వైపు ఉప్పు ఎక్కువ. నిచ్చెనలు, రెయిలింగులు 304 రకం స్టీలువైతే గుంటలు పడి తుప్పు పడతాయి, 316 రకమే కావాలి. ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే క్లోరిన్ తగలగానే నీళ్లు టీ రంగుకు తిరిగి టైల్స్ మీద మరకలు పడతాయి.

పాప ఈతకు వెళ్లొస్తే కళ్లు ఎర్రబడుతున్నాయి, క్లోరిన్ వాసన వస్తోంది. క్లోరిన్ తగ్గించమని అడగాలా? కేరళలో అమీబా జబ్బు గురించి విని ఇంకా భయంగా ఉంది.
– తల్లి, దర్గామిట్ట, నెల్లూరు

తగ్గించమని అడక్కండి. ఆ ఘాటు వాసన చెమట, మూత్రంలోని పదార్థాలతో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమైన్లది. పనిచేసే క్లోరిన్ చాలకపోయినప్పుడే అది ఎక్కువవుతుంది. ఆరుబయట కొలనులో పనిచేసే క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. కలిసిపోయిన క్లోరిన్ 1 లోపు, పనిచేసే దాంట్లో సగం మించకుండా ఉండాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2–7.6 మధ్య మంచిది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా ఉంటే 8 దగ్గరికొచ్చేసరికి నాలుగో వంతుకు పడిపోతుంది. వేసిందే వేస్తున్నా క్రిములు చావవు.

కొలనుకు వెళ్లినప్పుడు పరీక్ష ఎలా చేస్తున్నారో చూడండి. పసుపు రంగు తిరిగే ఆర్థోటాలిడిన్ చుక్కలతో చేస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తుందే తప్ప పనిచేసేది ఎంతో తెలియదు. గులాబి రంగు తిరిగే డీపీడీ బిళ్లలు కావాలి. తెరిచే ముందు ఒకసారి, తర్వాత రెండు మూడు గంటలకోసారి చూసి బోర్డు మీద రాయాలి. ఇంకో తేలిక పరీక్ష: గట్టు మీద నిలబడితే లోతు కొసన అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే మునిగిన మనిషీ కనిపించడు. ఆ రోజు దించకండి.

కేరళలో 2024, 2025లో కేసులు తెచ్చిన అమీబాల్లో ఒకటైన నేగ్లేరియా ఫౌలరీ వెచ్చటి, ఉప్పులేని నీళ్లలో పెరుగుతుంది, ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. నీళ్లు తాగితే రాదు. క్లోరిన్ సరిగ్గా నిలబెట్టిన కొలనులో అది బతకదు. కాబట్టి మందు లేని కుంటకన్నా, పిల్ల కాలువకన్నా బాగా నడిపే కొలనే క్షేమం. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి మాత్రం మామూలు మోతాదు క్లోరిన్‌కు లొంగదు. విరేచనాలవుతున్న పిల్లల్ని, తగ్గిన రెండు వారాల దాకా కూడా, నీళ్లలోకి దించొద్దు.

నిర్వాహకులకు రెండు మాటలు. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ 30–35 శాతమే, మిగతాది ఎక్కువగా సున్నం. అది నీళ్లను మసకబార్చి ఫిల్టరు ఇసుకను గడ్డకట్టిస్తుంది. 65 శాతం కాల్షియం హైపోక్లోరైటు గానీ సోడియం హైపోక్లోరైటు ద్రవం గానీ డోసింగ్ పంపుతో వేయండి. పౌడరు బకెట్టులో కలిపి జనం ఉండగా చల్లడం మానేయాలి. టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం) అనే క్లోరిన్ బిళ్లలు ఎండకు క్లోరిన్‌ను కాపాడతాయి గానీ వాటితో చేరే సయన్యూరిక్ ఆమ్లం పోదు. రోజూ వాటినే వాడితే నెల, నెలన్నరలో లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటి క్లోరిన్‌ను మొద్దుబారుస్తుంది. టీసీసీఏను, హైపోక్లోరైటును ఒకే గరిటెతో కూడా తీయకూడదు, కలిస్తే మంట లేస్తుంది. యాసిడ్, హైపో కలిస్తే విషవాయువు. రెంటికీ వేర్వేరు గదులు ఉండాలి.

కట్టడం సరే, నెలకు నడపడానికి ఎంతవుతుంది? టికెట్ డబ్బుతో సరిపోతుందా?
– కార్పొరేటర్, నెల్లూరు

సరిపోదు. ఆ సంగతి తీర్మానం రోజే ఒప్పుకోవాలి.

నాలుగు గంటలకోసారి నీళ్లన్నీ ఫిల్టరు గుండా తిరగాలంటే గంటకు 127 ఘనపు మీటర్లు తోడాలి. 7.5 హెచ్‌పీ పంపులు రెండు నడుస్తూ, ఒకటి అదనంగా ఉండాలి. 1.4 మీటర్ల వ్యాసం ఇసుక ఫిల్టర్లు మూడు కావాలి. పంపులు 10 కిలోవాట్లు, 16 గంటలు అంటే 160 యూనిట్లు, దీపాలు, మిగతావి 20. నెలకు 5,400 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 43 వేలు. రెండు షిఫ్టులకు లైఫ్‌గార్డులు సెలవుల మనిషితో కలిపి 5, ఆపరేటర్లు 2, శుభ్రం చేసేవాళ్లు 3, కౌంటరు 2. ఈ 12 మందికి సగటున 17 వేలు చొప్పున 2 లక్షల 4 వేలు. మందులు, ల్యాబు పరీక్షలకు 30 వేలు అనుకుందాం. కట్టుబడి 4 కోట్లు అయిందనుకుంటే అందులో ఏటా 2 శాతం, అంటే నెలకు 67 వేలు, పంపులు, ఇసుక, టైల్స్ మార్చడానికి పక్కన పెట్టాలి. మొత్తం 3 లక్షల 44 వేలు.

రాబడి: 200 మంది, 30 రూపాయల టికెట్, 26 రోజులు. లక్షా 56 వేలు. ఏడాదికి లోటు 22 లక్షల పైమాటే. టికెట్‌తోనే గట్టెక్కాలంటే 66 రూపాయలు పెట్టాలి, రోజుకూలీ ఇంటి పిల్లలు రారు. లైబ్రరీకి, పార్కుకు లాభం అడగం కదా. ఈ లోటును బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపండి. ఉదయం పెద్దల నెలవారీ పాసులకు కాస్త ఎక్కువ, బడిపిల్లల బ్యాచ్‌లకు తక్కువ పెడితే లోటు కొంత తగ్గుతుంది.

లోటు చూసి భయపడి ప్రైవేటు నిర్వాహకుడికి లీజుకిస్తే అతను మొదట తగ్గించేది కరెంటు. పంపులు నడిచే గంటలు తగ్గిస్తాడు, వారంలో నీళ్లు పచ్చబడతాయి. తర్వాత తగ్గించేది లైఫ్‌గార్డులను. లీజు ఇచ్చేటట్టయితే పంపులకు గంటల మీటరు, క్లోరిన్ రిజిస్టరు, షిఫ్టుకు ఇద్దరు లైఫ్‌గార్డులు, పేద పిల్లల గంటలు ఒప్పందంలో పెట్టి, తప్పితే రోజుకు ఎంత జరిమానానో అంకె రాయండి.

ఆడవాళ్లకు, వికలాంగులకు ప్రత్యేకంగా ఏం ఉండాలి? భద్రత మాటేమిటి?
– డిగ్రీ విద్యార్థిని, టంగుటూరు

ఆడవాళ్లకు రోజూ ఒక పూట, సాయంత్రం వెలుగుండగా, మహిళా కోచ్, మహిళా లైఫ్‌గార్డు ఉండాలి. వారానికొక రోజు ఇస్తే ఎవరూ నేర్చుకోలేరు. ఈత దుస్తుల మీద ఆంక్ష పెట్టకుండా ఒంటికి అంటుకునే పొడుగు నైలాన్ దుస్తులు ఒప్పుకోవాలి. నూలు బట్టలే వద్దు, వాటి నూగు ఫిల్టర్లకు పడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అందుబాటు ప్రమాణాలు పాటించని కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. వాలు 12కు 1 మించని ర్యాంపు, వెడల్పాటి తలుపులున్న మరుగుదొడ్డి, నీళ్లలోకి దించే లిఫ్టు అంచనాలోనే ఉండాలి.

అడుగు జాలీ ఒక్కటే ఉంటే పంపు లాగుడుకు పిల్లల జుట్టో కడుపో అతుక్కుని పైకి రాలేరు. కనీసం 2 మీటర్ల ఎడంగా రెండు జాలీలు, ఒకే పైపుకు కలిపి, ఒకటి మూసుకున్నా రెండోది లాగేలా ఉండాలి. నీళ్లలోని దీపాలు 12 వోల్టులవే. ప్రతి సర్క్యూటుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చి), నిచ్చెనలతో సహా ఇనుప భాగాలన్నిటికీ ఎర్త్ కలిపి ఉండాలి.

పని సరిగ్గా జరుగుతోందో లేదో మామూలు మనిషి చూడొచ్చా?
– దర్శి

చూడొచ్చు. 2005 సమాచార హక్కు చట్టంలో రికార్డుల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనాలు తీసుకోవడం కూడా హక్కులోకి వస్తాయి. కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి: మంజూరైన అంచనా, డ్రాయింగులు, మట్టి పరీక్ష నివేదిక అందులోని ఊట తేదీతో సహా, కొలతల పుస్తకం, 7, 28 రోజుల క్యూబు ఫలితాలు, నీటి పరీక్షలో ఏడు రోజుల మట్టాలు, పంపుల సామర్థ్య పత్రాలు, నిర్వహణ ఒప్పందం. రికార్డులు చూడడానికి మొదటి గంట ఉచితం. క్యూబుల తేదీలను కాంక్రీటు పోసిన తేదీలతో సరిపోల్చండి, అవి కలవకపోతే ఆ ప్రశ్నే రాతపూర్వకంగా కమిషనర్‌కు పెట్టండి.